మాస్టారి పుస్తకంలో ‘దౌ’

రాయలసీమ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరినప్పుడు ఇంగ్లీషు తరగతి అంటే కాళ్లు వణికేవని రాశారు. ఆ భయం పోగొట్టి ఎం.ఏ. దాకా నడిపించింది ఒక మాస్టారు. సాయంత్రాలు తన ఇంటి వసారాలో కూర్చోబెట్టుకొని, ఒక్క రూపాయి పుచ్చుకోకుండా పాఠం చెప్పారట. ఆయనకిప్పుడు 78 ఏళ్లు. చూపు బాగా మందగించింది.

పదవీ విరమణ తరువాత మాస్టారు నోటు పుస్తకాల నిండా అనువాదాలు చేసుకున్నారు. షేక్‌స్పియర్ నాటకాల్లోని కొన్ని రంగాలు, కొన్ని సానెట్లు (పద్నాలుగు పంక్తుల కవితలు), కీట్స్, షెల్లీల కవితలు, బైబిలు కీర్తనలు నాలుగైదు. పాత శిష్యులంతా చందాలు వేసుకొని వాటిని పుస్తకంగా తెస్తున్నారు. రెండు నెలల్లో సన్మాన సభ, అదే వేదిక మీద ఆవిష్కరణ. సంపాదకురాలిగా ఈమె పేరు వేస్తున్నారు.

ప్రూఫులు దిద్దుతుండగా చిక్కు బయటపడింది. పాత ఇంగ్లీషు కవిత్వంలో కనిపించే ‘దౌ’ (thou) అనే సర్వనామాన్ని మాస్టారు ప్రతిచోటా ‘తమరు’ అని అనువదించారు. ‘యూ’ వచ్చిన చోట ‘నువ్వు’ అన్నారు. అందువల్ల హామ్లెట్ తల్లి కొడుకును ‘తమరు’ అని పిలుస్తుంది, కొడుకు తల్లిని ‘నువ్వు’ అంటాడు. ప్రేమలో మునిగిన జూలియెట్ కూడా రోమియోను ‘తమరు’ అనే అంటుంది. అనుమానం వచ్చి పెద్ద నిఘంటువు తీస్తే ‘దౌ’ ఏకవచనమనీ, చనువున్న చోటా చిన్నచూపు ఉన్న చోటా వాడేవారనీ ఉంది. ఒకరోజు మాస్టారి దగ్గర మెల్లగా కదిపారు. “అది పాతకాలపు గౌరవ వాచకమమ్మా. ఠాగూర్ దేవుణ్ని ‘దౌ’ అనే కదా పిలిచింది!” అన్నారాయన. ఆమెకు మరుమాట రాలేదు.

సన్మాన సంఘం పెద్దలు, “ఈ వయసులో ఆయన మనసు కష్టపెట్టవద్దు, అంత లోతుగా ఎవరు చదువుతారు?” అంటున్నారు. భర్త, “నీ పేరు తీసేయమని చెప్పి ఊరుకో” అంటున్నారు. తానే ఎవరికీ చెప్పకుండా దిద్దేస్తే ఎలా ఉంటుందని కూడా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. “నా అనుమానం నిజమేనా? నిజమైతే, నాకు అక్షరం నేర్పిన మనిషికి ఆయన తప్పు ఎలా చూపించను? పది రోజులుగా ప్రూఫుల కట్ట ముట్టుకోలేకపోతున్నాను” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ అనుమానం నిజమే. ‘దౌ’ ఏకవచనం. తెలుగులో దానికి సరిపోయే మాట ‘నువ్వు’ లేదా ‘నీవు’. అయితే మాస్టారు పొరబడిన తీరును మీరు సరిగా అర్థం చేసుకుంటే, ఆయనతో మాట్లాడే ధైర్యం దానంతటదే వస్తుంది. అందుకే సలహా కన్నా ముందు ఆ మాట సంగతి కాస్త వివరంగా చెబుతాను.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో లెక్క తేలికగా ఉండేది. ఎదుట ఒక్కరుంటే ‘దౌ’కు పూర్వరూపమైన ‘థూ’, ఎక్కువమంది ఉంటే ‘యీ’. రాజైనా పాలేరైనా ఒక్కరైతే ‘థూ’నే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కోటల్లో ఫ్రెంచి మాట్లాడే దొరలు కుదురుకున్నారు. ఫ్రెంచిలో పెద్దవారిని బహువచనంతో పిలిచే మర్యాద ఉంది, మన ‘మీరు’ లాగానే. 13వ శతాబ్దం నుంచి ఆ అలవాటు ఇంగ్లీషులోకీ దిగింది. ‘యీ’, దాని కర్మరూపమైన ‘యూ’ మర్యాద మాటలయ్యాయి. ‘దౌ’ పిల్లలకు, నౌకర్లకు, ప్రాణస్నేహితులకు, ప్రేమికులకు, శత్రువులకు, దేవుడికి మిగిలింది. ఈ జాబితా చూసి ఏ తెలుగువాడూ ఆశ్చర్యపోడు. మనం ‘నువ్వు’ అనేది సరిగ్గా వీళ్లనే.

తగువు ముదిరితే “ఏకవచనంలో మాట్లాడుతున్నావేమిటి?” అని మనవాళ్లు మీదికి వస్తారు కదా. షేక్‌స్పియర్ కాలపు లండనులోనూ అదే పౌరుషం. ‘ట్వెల్త్ నైట్’ నాటకంలో ఒక పాత్ర, ద్వంద్వయుద్ధానికి సవాలు లేఖ రాయబోయే వాడికి సలహా ఇస్తూ, ఓ మూడుసార్లు ‘దౌ’ అని పిలిస్తే బాగుంటుందంటాడు. 1603లో వించెస్టరులో, ఎలిజబెత్ రాణి కొలువులో వెలిగిన సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ నిండు న్యాయస్థానంలో ఆయన మీద విరుచుకుపడి, నిన్ను ‘దౌ’ అనే అంటాను ద్రోహీ అని అరిచాడు. అంతటి ప్రముఖుణ్ని ఆ మాటతో పిలవడమే ఒక శిక్ష అన్నట్టుగా.

మరి ఇంత చనువు మాట, ఇంత తిట్టు మాట, మాస్టారి చెవికి గౌరవంగా ఎందుకు వినిపించింది? 17వ శతాబ్దం చివరికి నగరాల్లో, చదువుకున్నవారి నోట ‘దౌ’ దాదాపుగా మాయమైంది. అందరూ అందరినీ ‘యూ’ అనసాగారు. ఉత్తర ఇంగ్లండు పల్లెల మాటలో మాత్రం అది నిలిచింది. ఇక మిగిలిన చోట్లు ప్రార్థన పుస్తకం, 1611 నాటి బైబిలు అనువాదం, కవిత్వం. గుడిలోనూ కవితలోనూ తప్ప చెవిన పడని మాటకు కొన్ని తరాల తరువాత ఒక గంభీరత వచ్చి చేరుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలోనే ఎంతోమంది ‘దౌ’ను భక్తి మాట, గౌరవ మాట అనుకుంటారు. మాస్టారు నమ్మింది వాళ్లు నమ్ముతున్నదే. ఈ సంగతి మీరు గట్టిగా పట్టుకోవాలి. ఆయన అజ్ఞానాన్ని మీరు బయటపెట్టడం లేదు. ఆ భాషే దారిలో పోగొట్టుకున్న ఒక తేడాను తిరిగి చూపిస్తున్నారు, అంతే.

ఆయన ఠాగూర్‌ను సాక్షిగా పిలిచారు కనుక ఆ సాక్షినే అడుగుదాం. 1912లో లండనులో అచ్చయిన ఇంగ్లీషు గీతాంజలి ‘దౌ’ అనే మాటతోనే మొదలవుతుంది. బెంగాలీలో ఆ పాట మొదటి మాటలు ‘ఆమారే తుమి’. బెంగాలీలో ఎదుటివారిని పిలవడానికి మూడు మెట్లున్నాయి: మర్యాదకు ‘ఆపని’, దగ్గరివారికి ‘తుమి’, మరీ చనువుకో కోపానికో ‘తుయి’. మర్యాద మాట చేతిలో ఉండగా కవి దేవుణ్ని ‘తుమి’ అన్నారు. ఆ దగ్గరితనాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి ఆయనకు దొరికింది ‘దౌ’.

మీ ప్రాంతానికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. అదీ ‘దౌ’తోనే మొదలవుతుంది, లోపల ‘దై’ (thy) అని వస్తుంది. మూలంలో ఆ ‘దై’కి ఎదురుగా ఉన్న మాట ‘తవ’. ‘తవ శుభ నామే జాగే’ అని బడిపిల్లలు రోజూ పాడేదే. ‘తవ’ అంటే ‘నీ’. సంస్కృతంలో మర్యాదగా చెప్పదలిస్తే ‘భవతః’ అనవచ్చు, కవి అనలేదు. పైగా సంస్కృతపు ‘త్వం’, బెంగాలీ ‘తుమి’, లాటిన్ ‘తూ’, ఇంగ్లీషు ‘దౌ’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మాస్టారు సంస్కృతం చదువుకున్నవారని మీరు రాశారు. ఈ ఒక్క బంధుత్వం చెబితే ఆయన కళ్లు మెరుస్తాయని నా నమ్మకం.

మన భక్తి కవులనే తీసుకోండి. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ని, త్యాగరాజు రాముణ్ని పిలిచింది ‘నీవు’ అనే. రామదాసు చెరసాల నుంచి రాముణ్ని నిలదీసిందీ ఏకవచనంలోనే. దేవుణ్ని ‘తమరు’ అని పిలిస్తే మధ్యలో ఒక గుమస్తా నిలబడ్డట్టు ఉంటుంది.

మాస్టారు అనువదించిన కీర్తనల్లో 23వది ఉందని రాశారు. అందులో ఈ మాట చేసే పని చూడండి. మొదటి మూడు చరణాల్లో భక్తుడు దేవుడి గురించి ఎవరికో చెబుతుంటాడు. ఆయన నా కాపరి, ఆయన నన్ను పచ్చికలో పరుండజేస్తాడు, ఆయన నన్ను నడిపిస్తాడు. నాలుగో చరణంలో చీకటి లోయ వస్తుంది. భయం దగ్గరపడగానే ‘ఆయన’ పోయి ‘నీవు’ వస్తుంది. ‘నీవు నాకు తోడై యుందువు’ అని తెలుగు బైబిలు చదివే ఇళ్లలో కంఠతా వచ్చిన వాక్యం. నిజానికి 1611 అనువాదకులు చనువు కోసం ‘దౌ’ వాడలేదు. హీబ్రూలోనూ గ్రీకులోనూ ఏకవచనం ఉన్నచోటల్లా ‘దౌ’, బహువచనం ఉన్నచోట ‘యీ’, ‘యూ’ పెట్టారు. అందువల్ల అక్కడ సాతానునూ ‘దౌ’ అనే అంటారు. అయినా ఆ లోయ దగ్గర ‘నీవు’ అన్నప్పుడు కలిగే ఊరట ‘తమరు’ అంటే కలగదు. దీన్ని మీరు మాస్టారికి నిరూపించవలసిన పనే లేదు. చదివి వినిపిస్తే చాలు.

ఇక షేక్‌స్పియర్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది మీరు ఉదాహరించిన హామ్లెట్ మూడో అంకం, తల్లి గదిలోని రంగం. భర్త చనిపోయిన కొద్ది కాలానికే ఆమె మరిదిని పెళ్లాడింది. కొడుకును మందలించాలని పిలిపించింది. మాస్టారి అనువాదంలో:

“హామ్లెట్, తమరు మీ తండ్రిగారికి ఎంతో కష్టం కలిగించారు.”

“అమ్మా, నువ్వు మా నాన్నకు ఎంతో కష్టం కలిగించావు.”

తల్లి చెప్పే తండ్రి ఆ మరిది, కొడుకు చెప్పే తండ్రి చనిపోయినవాడు. మూలంలో తల్లి ‘దౌ’ అంటుంది, కొడుకు ‘యూ’ అంటాడు. అంటే ఆమె ఇంకా బుజ్జగిస్తోంది, అతను దూరం జరిగిపోయాడు. తెలుగులో ఇలా ఉండాలి:

“హామ్లెట్, మీ నాన్నను ఎంతో నొప్పించావు నువ్వు.”

“అమ్మగారూ, మా నాన్నను ఎంతో నొప్పించారు మీరు.”

కన్నతల్లిని ‘నువ్వు’ అని పిలిచే కొడుకు ఒకనాడు ‘మీరు’ అన్నాడంటే ఆ ఇంట్లో ఏదో విరిగిందని మన ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాక్యాలు రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నా, తేడా అంతా ఆ సర్వనామంలో ఉంది. తరువాతి మాటలో తల్లి కూడా ‘దౌ’ వదిలేసి ‘యూ’లోకి వెళ్లిపోతుంది. అక్కడ తెలుగు అనువాదకుడికి నిజమైన పరీక్ష. మన తల్లి కొడుకును ‘మీరు’ అనదు. అయితే తెలుగుకు మరో ఉపాయం తెలుసు: సర్వనామాన్నే మింగేయడం. “ఇదేనా జవాబు చెప్పే పద్ధతి?” అంటే చాలు, చనువు తెగిపోయిన చప్పుడు వినిపిస్తుంది.

జూలియెట్ కూడా అంతే. విందులో మొదటిసారి చేయి పట్టుకున్నప్పుడు ఆమె రోమియోను ‘యూ’ అంటుంది. ఆ రాత్రే మేడ మీద ‘దౌ’ అంటుంది. కొన్ని గంటల్లో ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగడమే ఆమె ప్రేమ నడిచిన దూరం. మాస్టారి ప్రతిలో ఆమె పరిచయం లేనప్పుడు ‘నువ్వు’ అని, మనసిచ్చాక ‘తమరు’ అంటుంది. ‘కింగ్ లియర్’ మొదటి రంగంలో రాజు చిన్నకూతురును వెలివేస్తుంటే నమ్మినబంటు కెంట్ అడ్డుపడతాడు. అప్పటిదాకా ప్రభువుకు తగ్గ మర్యాదతో మాట్లాడినవాడు హఠాత్తుగా, ఏమి చేయబోతున్నావు ముసలివాడా అంటాడు, ‘దౌ’తో. సింహాసనం మీది రాజును, నిండు కొలువులో. ‘తమరు’ పెడితే ఆ సాహసమంతా ఆవిరైపోతుంది. అనువాదంలో పోయేది ఒక మాట మాత్రమేనని సంఘం పెద్దలు అనుకుంటూ ఉండవచ్చు. పోయేది ఆ రంగాల ప్రాణం.

అయితే మీకు మరో సంగతి కనిపించిందా? మాస్టారు రెండు సర్వనామాలనూ ఒకే మాటతో సరిపెట్టలేదు. చాలామంది అనువాదకులు ఆ తేడానే పట్టించుకోకుండా అన్నిచోట్లా ‘నీవు’ అని రాసుకుపోతారు. ఆయన ప్రతి పేజీలోనూ తేడా ఉందని గుర్తించి ఓపికగా నిలబెట్టారు. దిక్కు తారుమారైంది, శ్రద్ధ ఎక్కడా సడలలేదు. ఈ మాట ఆయనతో అనండి. మెప్పు కోసం అనవద్దు, నిజం కనుక అనండి.

ఇప్పుడు మీ ముందున్న దారుల సంగతి.

సంఘం పెద్దలు చెప్పినట్టు ఊరుకుంటే సభ ప్రశాంతంగా జరుగుతుంది. శాలువాలు కప్పుతారు, పుస్తకం పంచుతారు. ఎవరు చదువుతారని వారు అడిగారు. చదివేది ఆయన శిష్యుల శిష్యులు, మీ కళాశాల పిల్లలు, ఏ పత్రికకో సమీక్ష రాసే ఒక మనిషి. అప్పుడు ఆ తప్పు ఆయన పేరు మీద ఉంటుంది. అచ్చయిన తరువాత దిద్దే వీలు ఉండదు. అంతకన్నా నన్ను బాధించేది మరొకటి ఉంది. ఆయనకు వయసైంది కనుక నిజం చెప్పకూడదనుకోవడం, ఆయన్ని అప్పుడే సాహిత్య జీవితం నుంచి విరమింపజేయడం కాదా? ఆయన ఇంకా కలం పట్టే మనిషి.

చెప్పకుండా దిద్దేయడం మాత్రం వద్దు. నేను గట్టిగా వద్దనేది ఈ ఒక్కదాన్నే. మీ ఉద్దేశం మంచిదే. కానీ చూపు సరిగా ఆననివారి ప్రతిని తెలియకుండా మార్చడమంటే ఆయన నమ్మకాన్ని వాడుకోవడమే. సభలో ఎవరో ఒకరు ఆ హామ్లెట్ రంగం గట్టిగా చదువుతారు. తన వాక్యం తనది కాదని ఆయన చెవికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. అంతమంది మధ్య అడగలేరు, ఇంటికి వెళ్లి నిద్రపోలేరు.

మీ భర్తగారి సలహాలో మీ మీద ప్రేమ ఉంది. పేరు తీసేస్తే మీ మీదికి మాట రాదు. పుస్తకానికి గానీ, ఆయనకు గానీ దానివల్ల జరిగే మేలు లేదు. ఎందుకు తీసేశావని మాస్టారు అడగకుండా ఉండరు కూడా. అప్పుడైనా చెప్పవలసింది ఇదే. కాకపోతే ఆలస్యంగా, తప్పుకున్న మనిషిగా చెబుతారు. ఈ దారిని పూర్తిగా కొట్టేయను. మిగిలినవన్నీ విఫలమైతే ఇది మీ హక్కు.

నాలుగోది ఆయనతోనే మాట్లాడటం. దీని గురించి మీకొక నిజమైన కథ చెప్పాలి. 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లనే మతవర్గం ఉండేది. దేవుడి ముందు అందరూ సమానులే, ఒక్క మనిషిని బహువచనంతో పిలవడం అబద్ధమూ ముఖస్తుతీ అని వారి వాదం. జడ్జీలనూ ప్రభువులనూ ‘దౌ’ అనే పిలిచి దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. థామస్ ఎల్‌వుడ్ అనే యువకుడు ఆ వర్గంలో చేరి సొంత తండ్రిని ‘దౌ’ అన్నాడు. తండ్రి చేయి చేసుకున్నాడు. మరోసారి ఆ మాట అంటే పళ్లు రాలగొడతానన్నాడు.

ఈ ఎల్‌వుడ్‌కే 1662లో ఒక పని దొరికింది: చూపు పోయిన మహాకవి మిల్టన్‌కు లాటిన్ పుస్తకాలు చదివి వినిపించడం. నాకు అర్థమై చదువుతున్నానో, కాక చదువుతున్నానో నా గొంతును బట్టే ఆయన పసిగట్టి, ఆపి, కష్టమైన చోట్లు విడమరిచి చెప్పేవారని తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1665లో లండనులో ప్లేగు వచ్చినప్పుడు మిల్టన్‌కు చాల్‌ఫాంట్ అనే పల్లెలో ఇల్లు చూసిపెట్టిందీ అతనే. అక్కడ మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’ రాతప్రతిని అతని చేతికిచ్చి, చదివి అభిప్రాయం చెప్పమన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఎల్‌వుడ్ మెచ్చుకొని, స్వర్గం పోగొట్టుకోవడం గురించి ఎంతో చెప్పావు, స్వర్గం దొరకడం గురించి చెప్పేది ఏమిటి అని అడిగాడు. ‘దౌ’ అనే అడిగాడు, అది అతని మతం. కవి జవాబివ్వకుండా కాసేపు ఆలోచనలో ఉండిపోయారు. కొంత కాలం తరువాత ‘ప్యారడైజ్ రిగెయిన్డ్’ కావ్యం చూపించి, దీనికి కారణం మీరే, చాల్‌ఫాంట్‌లో మీరడిగిన ప్రశ్నే దీన్ని నా తలలో పెట్టింది అన్నారు. శిష్యుడు ‘నువ్వు’ అన్నాడు, గురువు ‘మీరు’ అన్నారు. ఇద్దరి మధ్యా ప్రేమకు లోటు రాలేదు. ఆ కావ్యం 1671లో అచ్చయింది.

ఎల్‌వుడ్ తీర్పు చెప్పలేదు, ప్రశ్న అడిగాడు. మీరూ నిఘంటువు చంకన పెట్టుకొని వెళ్లవద్దు. సంఘం వాళ్లెవరినీ వెంట తీసుకువెళ్లవద్దు. సాయంత్రం పూట, ఆయన తీరికగా ఉన్నప్పుడు, మూలం గట్టిగా చదవండి. ముందు విందులో జూలియెట్ మాటలు, తరువాత మేడ మీది మాటలు. ఆమె ఎందుకు మాట మార్చింది మాస్టారూ అని అడగండి. తరువాత తల్లీకొడుకుల రంగం. ఆయన చెవి మీద మీకు నమ్మకం ఉండాలి. వినీ వినగానే ఆయనే ఆగిపోవచ్చు. ఆగకపోతే ‘తవ శుభ నామే’ దగ్గరికి, మదనపల్లెకు తీసుకురండి. 23వ కీర్తన చివరికి ఉంచండి. మొదటిసారి మీరు కదిపినప్పుడు ఆయన ఠాగూర్ పేరెత్తారంటే అది కోపంతో అన్నది కాదు, ఆయన తన కారణం చెప్పారు. మీరు కారణంతోనే బదులు చెప్పవచ్చు.

ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోవడం ఆయన హక్కు, అనువాదం ఆయనది. అప్పుడు, ‘దౌ’ను ఇలా ఎందుకు తెలుగు చేశానో ఆయన చేతే ఒక పేజీ ముందుమాట చెప్పించి రాసుకోండి. దాని పక్కన సంపాదకురాలి మాటగా మీ అభిప్రాయం కూడా వేస్తానని చెప్పి, అనుమతి అడగండి. రెండూ పక్కపక్కనే ఉన్న పుస్తకం చదువరికి మేలే చేస్తుంది, ఎవరికీ అవమానం కాదు. దానికీ వద్దంటే మీ పేరును ప్రూఫులు చూసినవారిలోకి మార్చమని సంఘానికి చెప్పండి. సన్మానానికి మాత్రం తప్పక వెళ్లండి.

ఒప్పుకొని, బాగా కుంగిపోతే? అదీ జరగవచ్చు. ఏళ్ల తరబడి చేసిన పనిలో ప్రతి పేజీకీ తగిలే తప్పు అది. “అంతా వృథా” అనవచ్చు. అప్పుడు సభను సభగా జరగనిచ్చి, పుస్తకాన్ని కొన్ని నెలలు వెనక్కి జరపండి. చందాలు ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారన్న బెంగ వద్దు. ఆలస్యానికి కారణం సంఘానికి మీరు చెప్పండి, ఆయన చేత చెప్పించవద్దు.

దిద్దుబాటు పని గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే డి.టి.పి. చేసేవాళ్లు ‘తమరు’ బదులు ‘నువ్వు’ అని ఒక్క మీటతో మార్చేస్తామంటారు. ఒప్పుకోవద్దు. క్రియలు అన్నీ మారాలి: కలిగించారు అన్నది కలిగించావు కావాలి. ‘మీ నాన్న’, ‘మీ ఇల్లు’ మాత్రం అలాగే ఉండాలి. చనువున్న చోట కూడా తెలుగులో ‘నీ నాన్న’ అనం. మూలంలో ‘యూ’ ఉన్నచోట అది ఒక్కరికా, పలువురికా అని ప్రతిసారీ చూడాలి. లియర్ తన కూతుళ్లు ముగ్గురినీ కలిపి అడిగేది ‘మీలో ఎవరు’ అనే, అందులో మర్యాద లేదు. షేక్‌స్పియర్‌లో ప్రతి మార్పుకూ కారణం దొరకదు కూడా. కొన్నిచోట్ల ఒకే పాత్ర ఒకే మనిషిని వెంటవెంటనే రెండు విధాలా పిలుస్తుంది. అలాంటి చోట తెలుగు సంభాషణ ఏది కోరితే అది పెట్టండి.

కీట్స్, షెల్లీల కవితల్లో ‘నువ్వు’ కన్నా ‘నీవు’ నప్పుతుంది. 1819లో కీట్స్ గ్రీకు కలశాన్ని, 1820లో షెల్లీ భరతపక్షిని ‘దౌ’ అని పిలిచేనాటికి వారి చుట్టుపక్కల ఎవరూ అలా మాట్లాడటం లేదు. అది అప్పటికే కవిత్వపు మాట. మన ‘నీవు’కూ ఆ కాస్త ఎత్తు ఉంది. నాటకాల్లో ‘నువ్వు’, కీర్తనల్లోనూ కవితల్లోనూ ‘నీవు’ అని మాస్టారు అంగీకరిస్తే సగం పని అయిపోయినట్టే.

నాటక రంగాలతో మొదలుపెట్టండి, నష్టం ఎక్కువగా ఉన్నది అక్కడే. కీర్తనలు ఒక పూట పని. సానెట్లను చివరికి ఉంచండి. వాటిలో కొన్ని ‘దౌ’తో, కొన్ని ‘యూ’తో నడుస్తాయి. ఏది ఎందుకన్నది పండితులకే తేలలేదు. అక్కడ మాస్టారి చెవికే వదిలేయండి. ప్రెస్సువాళ్లతో మాత్రం ఈ వారమే మాట్లాడి, ప్రూఫులు తిరిగి ఇచ్చే గడువు మూడు వారాలైనా పొడిగించమని అడగండి.